బ్లాక్ ఫ్రైడే: పోలీసులు పెట్టిన పేరు

శ్రోతలకు నమస్కారం.

నవంబరు నెలాఖరు వస్తే చాలు, మన ఫోన్ల నిండా బ్లాక్ ఫ్రైడే తగ్గింపు ధరల ప్రకటనలే. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఈ మాట ఎప్పటి నుంచో తెలిసిందే. అక్కడ నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్ పండుగ. ఆ మర్నాటి శుక్రవారం క్రిస్మస్ కొనుగోళ్లకు శ్రీకారం చుడతారు. అంత సందడిగా ఉండే రోజుకు ఇంత అశుభంగా వినిపించే పేరు ఎందుకు పెట్టారు?

చాలామంది ఒక కథ చెబుతారు. అంతవరకు నష్టాలను ఎర్రసిరాతో రాసుకున్న వ్యాపారి, ఆ రోజు అమ్మకాలతో లాభాల్లో పడి నల్లసిరా అందుకుంటాడని. వినసొంపుగానే ఉంది కానీ, పేరు పుట్టిన చాలా ఏళ్లకు అతికించిన కథ ఇది. ఆ రోజున బానిసలను తక్కువ ధరకు అమ్మేవారన్న ప్రచారం కూడా ఉంది. దానికి ఆధారమే లేదు. 1869 సెప్టెంబరు 24న న్యూయార్కులో బంగారం ధర కుప్పకూలిన శుక్రవారాన్నీ ఈ పేరుతోనే పిలిచారు. దానికీ ఈ కొనుగోళ్లకూ సంబంధం లేదు.

ఈ పేరు స్థిరపడింది ఫిలడెల్ఫియాలో, 1950ల చివర, 1960ల మొదట్లో. పెట్టింది ట్రాఫిక్ పోలీసులు.

ఆ రోజుల్లో ఆ ఊరి పరిస్థితి చూడండి. పెద్ద పెద్ద దుకాణాలన్నీ నగరం నడిబొడ్డున మార్కెట్ స్ట్రీట్ చుట్టుపక్కలే. శుక్రవారం పొద్దుటి నుంచే శివార్ల జనమంతా అక్కడికే. దుకాణాల్లో కొలువుదీరిన శాంటా క్లాజ్‌ను చూపించమని పిల్లల మారాం ఒకటి. అది చాలదన్నట్టు శనివారం సైనిక, నౌకాదళ విద్యాలయాల జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీ. దానికి ఊళ్ల నుంచి తరలివచ్చేవాళ్లు వేలకు వేలు. వీధుల్లో కార్లు కదిలేవి కావు, కాలిబాటల మీద అడుగు పెట్టే చోటు ఉండేది కాదు. ట్రాఫిక్ పోలీసుల్లో ఒక్కరికి కూడా సెలవు లేదు, పన్నెండు గంటల డ్యూటీ. చివరికి పోలీసు బ్యాండు వాళ్లను కూడా రోడ్ల మీదికి పంపేవారు. మామూలు రోజుల్లో ట్రాంబోన్ ఊదే మనిషి ఆ రోజు కూడలిలో నిలబడి కార్లకు దారి చూపేవాడని, అప్పట్లో అక్కడ విలేకరిగా పనిచేసిన జోసెఫ్ బారెట్ తర్వాతి కాలంలో రాశారు. ఊరంతా పండుగ చేసుకుంటుంటే చలిలో రోజంతా నిలబడాల్సిన వాళ్లు విసుగెత్తి అన్న మాట ఇది.

బారెట్, మరో విలేకరి కలిసి పోలీసుల మాటను పత్రిక మొదటి పేజీకి ఎక్కించారు. వ్యాపారులు మండిపడ్డారు. ఆ పేరు వింటే ఊళ్లోకి ఎవరు వస్తారని వారి భయం. 1961లో నగర అధికారి ఏబ్ రోజెన్ దాన్ని 'బిగ్ ఫ్రైడే'గా మార్చుకోమని సలహా ఇచ్చారు. ఆ మాట ఎవరి నోటా నిలవలేదు. ఇరవై ఏళ్లు గడిచినా పాత పేరు పోకపోయేసరికి వ్యాపారులు ఎదురు తిరగడం మాని, దానికి కొత్త అర్థం కట్టుకున్నారు. నల్లసిరా కథ 1980ల మొదట్లో పత్రికల్లో కనిపించడం మొదలైంది. ఆ దశాబ్దంలోనే పేరు అమెరికా అంతటా పాకింది.

పేరు మిగిలింది, పెట్టినవాళ్లు మరుగున పడ్డారు. నాకు ఇదే బాధ. లాభనష్టాల కథలో వ్యాపారి ఉన్నాడు, కొనుగోలుదారు ఉన్నాడు. పన్నెండు గంటలు కూడలిలో నిలబడినవాడికి మాత్రం చోటు లేదు. ఈ రోజుకీ ఆ శుక్రవారం తెల్లవారకముందే దుకాణాల తలుపులు తీసేవాళ్లు, గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్లు, పార్కింగ్ దగ్గర కాపలా కాసేవాళ్లు ఉంటారు. ఫిలడెల్ఫియా పోలీసుల విసుగు ఏమిటో వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నమస్కారం.