వేరేవాళ్ల తరఫున హెచ్ఆర్‌కి కంప్లైంట్ మెయిల్ ఎలా రాయాలి

హాయ్ అండి. ఈ వీడియో టీమ్ లీడ్‌లకి, సూపర్‌వైజర్లకి, అడ్మిన్‌లో ఉన్నవాళ్లకి. మీ దగ్గర పనిచేసే మనిషికి అన్యాయం జరిగింది, తనకి మెయిల్ రాయడం రాదు, లేదా రాయాలంటే భయం, అప్పుడు మీరు రాసిపెట్టాలి.

విశాఖపట్నం రుషికొండలో ఒక ఐటీ ఆఫీసు అనుకోండి. హౌస్‌కీపింగ్ చేసే అక్క, కాంట్రాక్టర్ పెట్టిన మనిషి, రోజూ గాజువాక నుంచి వస్తుంది. జీతం స్లిప్పులో ప్రతి నెలా పీఎఫ్ కట్ అవుతోంది, పీఎఫ్ పాస్‌బుక్‌లో మాత్రం పడట్లేదు.

కోపమొచ్చింది కదా అని వెంటనే ల్యాప్‌టాప్ తెరవకండి. ముందు ఆవిడని అడగండి, "అక్కా, నీ పేరు పెట్టి రాయనా, వద్దా? కాంట్రాక్టర్‌కి తెలిస్తే ఇబ్బందా?" అని. చాలామంది ఇది అడగరు, జాలిపడి మెయిల్ కొట్టేస్తారు, మర్నాడు కాంట్రాక్టర్ మనిషి వచ్చి ఆవిడని రేపట్నుంచి రావద్దంటాడు, మెయిల్ కొట్టినవాళ్ల సీటు మాత్రం అక్కడే ఉంటుంది. పేరు వద్దంటే "మన సైట్‌లో కాంట్రాక్ట్ సిబ్బంది అందరి పీఎఫ్ చలాన్లు, అంటే కట్టిన రసీదులు, చెక్ చేయండి" అని రాయండి. నన్నడిగితే ఇదే నయం, ఆవిడొక్కదానికే ఆగి ఉండదు.

తర్వాత ఆధారాలు. ఒక నెలలో కట్ చేసిన పీఎఫ్ మరుసటి నెల 15లోపు కట్టేయాలి. యూఏఎన్‌కి, అంటే ఆవిడ పీఎఫ్ ఖాతా నంబర్‌కి, లింకైన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే ఎస్సెమ్మెస్ వస్తుంది, చివరిసారి ఎంత పడిందో అందులో ఉంటుంది. స్లిప్పు పక్కన పెట్టి చూసుకోండి. ఆవిడ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫోటోలు మాత్రం మెయిల్‌లో తగిలించకండి, ఎవరూ అడగలేదు.

టూలో ఎవరు? పని చేయగలిగిన ఒక్కరు, అంటే హెచ్ఆర్‌లో కాంట్రాక్టర్ల వ్యవహారం చూసేవాళ్లు. సీసీలో మీ మేనేజర్, అంతే. డైరెక్టర్ దాకా అందరినీ సీసీలో పెడితే పని తొందరగా అవుతుందనుకుంటారు, నిజానికి అవతలివాళ్లు తమని తాము కాపాడుకునే పనిలో పడతారు. బీసీసీ అసలొద్దు, బీసీసీలో ఉన్నవాళ్లు రిప్లై ఆల్ కొడితే గుట్టు బయటపడుతుంది.

ఇక మెయిల్. ఇంగ్లీషులోనే పంపుతారు, విషయం అర్థమవ్వాలని నేను తెలుగులో చదువుతున్నా.

సబ్జెక్ట్: "హౌస్‌కీపింగ్ ఉద్యోగి పీఎఫ్ జమ కాలేదు, ఏప్రిల్ నుంచి జూన్". అర్జెంట్ అనీ, ఆశ్చర్యార్థకాలనీ పెట్టొద్దు.

"నమస్తే మేడమ్. మూడో అంతస్తు హౌస్‌కీపింగ్ ఉద్యోగి తరఫున, ఆవిడ అనుమతితో రాస్తున్నాను. ఏప్రిల్, మే, జూన్ స్లిప్పుల్లో పీఎఫ్ కట్ అయింది. జూలై 20 నాటికి పాస్‌బుక్‌లో ఈ మూడు నెలలవీ కనిపించలేదు. స్లిప్పులు జత చేశాను. కాంట్రాక్టర్ నుంచి చలాన్లు తెప్పించి, శుక్రవారంలోగా చెప్పగలరా? ఈ విషయమై ఆవిడకి ఇబ్బంది రాకుండా చూడమని మనవి."

చూశారా, ఎక్కడా "మోసం" అనలేదు, "దొంగలు" అనలేదు. కట్టి కూడా పాస్‌బుక్‌లో ఆలస్యంగా కనిపించొచ్చు, అప్పుడు మాట మీ మీదకే వస్తుంది. కాంట్రాక్టర్ కట్టకపోతే బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్ మీద, అంటే మన కంపెనీ మీద పడుతుందని హెచ్ఆర్‌కి తెలుసు, మొదటి మెయిల్‌లోనే బెదిరించక్కర్లేదు.

అన్నట్టు, లైంగిక వేధింపుల విషయమైతే ఈ పద్ధతి పనికిరాదు. పనిచేసే చోట వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం అది ఆఫీసులో ఇందుకోసమే ఉండే ఇంటర్నల్ కమిటీకి వెళ్లాలి, మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోగా. బాధితురాలు స్వయంగా ఫిర్యాదు ఇవ్వలేకపోతే, విషయం తెలిసినవాళ్లు ఆవిడ రాతపూర్వక సమ్మతితో ఇవ్వొచ్చు. ఆవిడ పేరు బయటపెట్టడం చట్టరీత్యా కుదరదు, కాబట్టి మేనేజర్‌ని సీసీలో పెట్టే మాటే లేదు.

శుక్రవారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే అదే థ్రెడ్‌లో రెండు లైన్లు రాయండి, కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. అప్పటికీ కదలకపోతే పీఎఫ్ ఫిర్యాదుల కోసం ఉన్న ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్‌లో హౌస్‌కీపింగ్ అక్క యూఏఎన్‌తో ఫిర్యాదు పెట్టొచ్చు. ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వస్తుంది, అందుకని లంచ్ టైమ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఫిర్యాదు నంబర్ ఆవిడ ఫోన్‌లోనే సేవ్ చేసివ్వండి.