తినడం మానేసిన ఇగ్వానా పిల్ల

శ్రోతలకు నమస్కారం.

కిందటి జనవరిలో ఒక ఉదయం, ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి చెప్పుల పెట్టెలో పాత తువ్వాలు పరిచి, అందులో ఒక ఇగ్వానా (ఆకులు తినే పెద్ద బల్లి జాతి జీవి) పిల్లను పెట్టుకుని, తండ్రి వెంట హైదరాబాదులోని మా పశువైద్యశాలకు వచ్చాడు. ఆరు రోజులుగా అది ఏమీ ముట్టడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. తోక మొదట్లో ఎముక తేలింది. లేత ఆకుపచ్చగా ఉండవలసిన ఒళ్లు మట్టిరంగుకు తిరిగింది. "అన్నీ పెట్టి చూశామండీ, నోరు తెరిచి ఉడకబెట్టిన గుడ్డు కూడా పెట్టాం" అని ఆ తండ్రి దిగులుగా చెప్పారు. దానిని అరచేతిలోకి తీసుకోగానే నాకు మొదట తెలిసిన సంగతి, అది చల్లగా ఉందని.

మనకు ఒంట్లో వేడి తిన్న అన్నం నుంచి పుడుతుంది. ఇగ్వానా ఆ వేడిని బయటి నుంచి తెచ్చుకోవాలి. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా ఉన్న వేడి అడవులలో, ఏటి ఒడ్డు చెట్ల కొమ్మల మీద ఎండ కాచుకుంటూ బతికే జీవి అది. దాని ఆహారం ఆకులు. ఆ ఆకులను పేగు చివరి భాగంలో కోట్లాది సూక్ష్మజీవులు పులియబెడితే గాని వాటి సారం ఒంటికి పట్టదు. ఒళ్లు చల్లబడితే ఆ పని మందగిస్తుంది, కడుపులో పడినది కదలక అక్కడే ఉంటుంది, ఆకలి చచ్చిపోతుంది. అటువంటి స్థితిలో నోరు తెరిచి బలవంతంగా తినిపిస్తే లోపల కుళ్లడమే తప్ప అరగదు. అందువల్ల నేను అందరినీ ప్రాధేయపడి అడిగేది ఇదే: ఏమి పెట్టాలా అని వెదికే ముందు థర్మామీటరు చూడండి.

అది ఉండే తొట్టిలో, ఎండ కాచుకునే కొమ్మ దగ్గర పగటిపూట 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. మిగిలిన చోట 27 నుంచి 30 ఉంటే చాలు. రాత్రి 24 కంటే తగ్గకూడదు. హైదరాబాదులో చలికాలపు రాత్రులు 15 డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలే కాబట్టి, వేసవిలో హాయిగా తిన్న పిల్ల సంక్రాంతి నాటికి తిండి మానేయడంలో వింత లేదు. వేడి దీపం పైనుంచి, పిల్లకు అందనంత ఎత్తులో ఉండాలి. అంగళ్లలో అమ్మే, కరెంటుతో వేడెక్కే రాళ్ల మీద పడుకుని పొట్ట కాలిన ఇగ్వానా పిల్లలను చూశాను, వాటిని కొనకండి.

వేడితో పాటు అతినీలలోహిత కిరణాలు కావాలి. అవి తగలకపోతే ఒంట్లో డి విటమిన్ తయారు కాదు. అది లేనిదే తిన్న కాల్షియం ఎముకకు చేరదు. దవడ మెత్తబడి, ఆకు కొరకడమే కష్టమవుతుంది. ఇందుకోసం వాడే యూవీబీ దీపం పైకి వెలుగుతున్నట్టే కనిపించినా కొన్ని నెలలకు ఆ కిరణాలు తగ్గిపోతాయి గనుక, తయారీదారు చెప్పిన గడువుకు దానిని మార్చాలి. గాజు ఆ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ లెక్కకు రాదు. పొద్దుటి లేత ఎండలో, సగం నీడ పడేలా, తీగ పంజరంలో ఉంచడం మేలు. గాజు తొట్టితో సహా ఎండలో పెడితే నిమిషాలలో ప్రాణం పోతుంది.

ఇక నీళ్లు. వేడి సరిచేసిన తరువాత, గోరువెచ్చని నీళ్లు పిల్ల భుజాల దాకా వచ్చేలా పోసిన తొట్టిలో దానిని పదిహేను నిమిషాలు ఉంచండి, ఒక్క క్షణం కూడా విడిచి వెళ్లవద్దు. చాలా పిల్లలు అందులోనే మలవిసర్జన చేసి తేలికపడతాయి. ఆ తొట్టి వంటింటిది కాకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైకి ఆరోగ్యంగా కనిపించే ఇగ్వానా కూడా మనుషులకు జ్వరం, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమిని మోయవచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

భయం కూడా ఆకలిని చంపుతుంది. కొత్తగా ఇంటికి వచ్చిన పిల్ల కొన్ని రోజులు తినకపోవచ్చు. ఒకే గాజు తొట్టిలో రెండింటిని పెంచితే పెద్దది కొమ్మను ఆక్రమిస్తుంది, చిన్నది మూల నక్కి ఆకలితో చిక్కిపోతుంది. దాక్కోవడానికి ఆకుల గుబురు, ఎక్కడానికి ఎత్తైన కొమ్మ ఇచ్చి, చేతితో పట్టుకోవడం కొంతకాలం మానండి.

అప్పుడు తిండి. దీపం వేసి గంట గడిచి ఒళ్లు వెచ్చబడ్డాక, మునగాకు, ఆవాకు, మందార ఆకులు సన్నగా తరిగి, తురిమిన గుమ్మడికాయ కలిపి పెట్టండి. ఇగ్వానాకు రంగులు బాగా తెలుస్తాయి. పైన ఒక ఎర్ర మందార రేకు వేస్తే నాలుక చాచి రుచి చూస్తుంది. పాలకూర, తోటకూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. గుడ్డు, మాంసం అసలే వద్దు. మన ఊళ్లలో చాలామంది దీనిని ఉడుము అనుకుంటారు. ఉడుము మాంసాహారి, పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానిని ఇంట్లో పెంచడమే నేరం. ఇగ్వానాకు మాంసం పెడుతూ పోతే మూత్రపిండాలు పాడవుతాయి.

ఆ అబ్బాయి తెచ్చిన పిల్లను ముందు వెచ్చబరిచి, ఒంట్లోకి నీరు ఎక్కించాము, గుడ్డు ఆపించాము. నాలుగో రోజు పొద్దున అది మందార రేకు అంచు కొరికింది. పూర్తిగా కోలుకోవడానికి మాత్రం నెల పైన పట్టింది.

ఎదిగే పిల్లకు నిలవ కొవ్వు తక్కువ. వేడి, వెలుతురు సరిగా ఉన్నా మూడు రోజులు ముట్టకపోతే, కాలి వేళ్లు వణుకుతుంటే, దవడ గాని కాళ్లు గాని వాచితే, మలం ఆగిపోతే, సరీసృపాలు తెలిసిన వైద్యుని దగ్గరకు ఆ రోజే తీసుకువెళ్లండి. కాల్షియం ఇంజెక్షన్లు, పురుగుల మందులు సొంతంగా వేయవద్దు. వెళ్లేటప్పుడు గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టెలో ఒక పక్కన ఉంచి, తాజా మలం ఒక డబ్బాలో వేసుకుని, వారం రోజుల బరువులు, తొట్టిలోని ఉష్ణోగ్రతలు రాసిన కాగితం వెంట తీసుకువెళ్లండి.