గంటంపావు ఫ్లైట్‌కి 22 ఏళ్ళు ఎందుకు పట్టింది? ఇరాకీ ఎయిర్‌వేస్ కథ

నమస్తే అందరికీ. బాగ్దాద్ నుంచి కువైట్‌కి విమానంలో ఎంతసేపు పడుతుంది చెప్పండి? గంటంపావు, మహా అయితే గంటన్నర. మనం హైదరాబాద్‌లో ఎక్కి విశాఖలో దిగినంత. అలాంటి రూట్‌లో 1990లో ఆగిపోయిన ఇరాకీ ఎయిర్‌వేస్ విమానం మళ్ళీ కువైట్‌లో దిగింది ఎప్పుడో తెలుసా, 2013 ఫిబ్రవరిలో. ఇరవై రెండేళ్ళు దాటిపోయింది.

ఇరాక్‌ని ఏలిన సద్దాం హుస్సేన్ 2003లోనే పడిపోయాడు కదా, ఆంక్షలు కూడా అదే ఏడాది తీసేశారు కదా, మరి ఇంకో పదేళ్ళు దేనికి ఆగారు అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. చదువుతూ పోతే తేలిందేంటంటే, తుపాకులు ఆగినంత మాత్రాన విమానం ఎగరదు. అప్పు తీరాలి, కేసు తేలాలి, ఇన్సూరెన్స్ దొరకాలి, అవతలి దేశం ఊ అనాలి. ఈ వీడియో మొత్తం దాని గురించే.

మాది కడప వైపు. మా వీధిలో కువైట్ వెళ్ళిన మనిషి లేని ఇల్లు దొరకడం కష్టం. 1990లో అక్కడ ఇరుక్కుపోయిన మనవాళ్ళు బస్సుల్లో ఇరాక్ మీదుగా ఎడారి దాటుకుని జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరి, అక్కడ రోజుల తరబడి ఎదురుచూసి ఎయిర్ ఇండియా విమానం ఎక్కి ఇంటికొచ్చారు, అలా ఆ విమానాల్లో వచ్చిన భారతీయులు లక్షా పదివేల మందికి పైనే. చిన్నప్పుడు ఆ కథలు విన్నా. అందుకే ఈ టాపిక్ నాకు దూరం దేశం సంగతిలా అనిపించదు.

(స్క్రీన్ మీద: ఇరాక్, కువైట్, జోర్డాన్ మ్యాప్)

సరే, మొదట్నుంచి వద్దాం. ఇరాకీ ఎయిర్‌వేస్ 1945లో పెట్టారు, మిడిల్ ఈస్ట్‌లో బాగా పాత ఎయిర్‌లైన్స్‌లో అదొకటి. తోక మీద ఆకుపచ్చ రంగు, పక్షి బొమ్మ, అందుకే ఇరాక్ జనం దాన్ని ముద్దుగా ఆకుపచ్చ పక్షి అంటారు. 80ల్లో వీళ్ళ దగ్గర జంబో జెట్లు కూడా ఉండేవి, లండన్, పారిస్ దాకా తిరిగేవి.

1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దూరింది. తర్వాత కొద్ది రోజుల్లోనే కువైట్ ఎయిర్‌పోర్ట్‌లో ఉన్న కువైట్ ఎయిర్‌వేస్ విమానాలు పదింటిని ఇరాక్‌కి పట్టుకుపోయారు. రెండు బోయింగ్ 767లు, మూడు ఎయిర్‌బస్ ఏ300లు, ఐదు ఏ310లు. వాటిని నడుపుకుంటూ తీసుకెళ్ళింది ఎవరనుకుంటున్నారు? ఇరాకీ ఎయిర్‌వేసే. సెప్టెంబర్‌లో అయితే సద్దాం ప్రభుత్వం ఏకంగా ఒక తీర్మానం చేసి, కువైట్ ఎయిర్‌వేస్ అనే కంపెనీయే ఇక లేదు, దాని ఆస్తి మొత్తం ఇరాకీ ఎయిర్‌వేస్‌దే అని రాసేసింది. ఈ పది విమానాల్ని గుర్తుపెట్టుకోండి, కథ మొత్తం తిరిగి తిరిగి వీటి దగ్గరికే వస్తుంది.

ఆ పదిలో నాలుగు ఇరాక్‌లోని మోసుల్ ఊళ్ళో నిలబెట్టి ఉండగా 1991 యుద్ధంలో బాంబులు పడి నాశనమయ్యాయి. మిగతా ఆరూ ఇరాన్‌కి పంపేశారు, అక్కడినుంచి 1992లో కువైట్‌కి చేరాయి, అదీ ఊరికే కాదు, ఇన్నాళ్ళు మేం కాపాడామని ఇరాన్ ఖర్చులు వసూలు చేసింది.

ఇక ఇరాకీ ఎయిర్‌వేస్ సొంత విమానాల సంగతి. ఐక్యరాజ్యసమితి 1990 ఆగస్టులో 661 నంబర్ తీర్మానంతో ఇరాక్ మీద ఆంక్షలు పెట్టింది, సెప్టెంబర్‌లో 670తో విమానాల రాకపోకలకి కూడా తాళం వేసింది. యుద్ధంలో బాంబులు పడతాయని భయపడి ఇరాక్ తన విమానాల్ని ముందే బయటికి పంపేసింది, కొన్ని జోర్డాన్‌కి, కొన్ని ఇరాన్‌కి, కొన్ని ట్యునీషియాకి. వెళ్ళినవి వెళ్ళినట్టే ఆగిపోయాయి. ఆంక్షలున్నాయి కాబట్టి స్పేర్ పార్టులు కొనకూడదు, రిపేర్ చేయించకూడదు, వెనక్కి తెచ్చుకోకూడదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే పార్క్ చేసిన విమానం అంటే మనం షెడ్డులో కవర్ కప్పి పెట్టిన కారు లాంటిదేలే అనుకుంటాం. కాదు. విమానం ఎగురుతూ ఉంటేనే ఆరోగ్యంగా ఉంటుంది. కొన్నాళ్ళు కదలకపోతే హైడ్రాలిక్ పైపుల దగ్గరుండే రబ్బరు సీళ్ళు ఎండి బీటలు తీస్తాయి, బరువంతా ఒకే చోట పడి టైర్లు చదునైపోతాయి, ఇంధనం ట్యాంకుల్లో తేమ చేరితే నాచు లాంటి ఒక బూజు పడుతుంది, ఇంజన్ మూతులకి కవర్లు సరిగ్గా కట్టకపోతే ఎడారి ఇసుక లోపలికి పోయి కూర్చుంటుంది, పక్షులు గూళ్ళు పెడతాయి. అందుకే నిలిపి ఉంచిన విమానానికి కూడా మనుషుల్ని పెట్టి ఇంజన్లు అప్పుడప్పుడూ తిప్పాలి, చక్రాలు కదపాలి. పదమూడేళ్ళు ఇవేవీ సరిగ్గా చేయకపోతే అది విమానం కాదు, పాత ఇనుము. పైలట్ల సంగతీ అంతే. 90 రోజుల్లో కనీసం మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేయకపోతే ప్యాసింజర్లని ఎక్కించుకుని నడపడానికి లేదు, అది ప్రపంచమంతా ఉన్న రూలు. మరి ఎగరడానికి విమానమే లేనివాళ్ళు ఏం చేస్తారు!

ఆ పదమూడేళ్ళూ బయటికి పోవాలంటే ఇరాక్ మనిషికి ఉన్న పెద్ద దారి బాగ్దాద్ నుంచి అమ్మాన్ రోడ్డు. దాదాపు 900 కిలోమీటర్ల ఎడారి. పేషెంట్లు కూడా ఆ రోడ్డు మీదే వెళ్ళేవాళ్ళు. 2000 నవంబర్‌లో బాగ్దాద్ నుంచి బస్రాకి, మోసుల్‌కి లోపలి ఫ్లైట్లు మళ్ళీ మొదలయ్యాయి.

2003లో అమెరికా సైన్యం వచ్చింది, సద్దాం పేరున్న ఎయిర్‌పోర్ట్ బాగ్దాద్ ఇంటర్నేషనల్ అయింది, మే నెలలో ఆంక్షలు పోయాయి. ఇక ఎగరడమే అనుకున్నారు. అప్పుడే నవంబర్ 22న డీహెచ్‌ఎల్ కార్గో విమానం బాగ్దాద్‌లో టేకాఫ్ అయి పైకి లేస్తుండగా భుజం మీద పెట్టుకుని పేల్చే క్షిపణి ఒకటి ఎడమ రెక్కకి తగిలింది. రెక్క మంటల్లో ఉంది, హైడ్రాలిక్స్ మొత్తం పోయాయి, అంటే స్టీరింగ్ లేదు, బ్రేకు లేదు అన్నట్టు లెక్క. లోపలున్న ముగ్గురూ కేవలం రెండు ఇంజన్ల పవర్ పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని తిప్పి, అదే ఎయిర్‌పోర్ట్‌లో ప్రాణాలతో దించారు. ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

(స్క్రీన్ మీద: గుండ్రంగా తిరుగుతూ దిగే విమానం యానిమేషన్)

దాని తర్వాత బాగ్దాద్‌లో దిగే పద్ధతే వేరయింది. మామూలుగా విమానం ఎక్కడో నూటయాభై, రెండు వందల కిలోమీటర్ల దూరం నుంచే మెల్లగా ఎత్తు తగ్గించుకుంటూ వస్తుంది కదా, అలా వస్తే దారిలో ఏ ఇంటి డాబా మీద నుంచైనా కొట్టొచ్చు. అందుకని క్షిపణికి అందని ఎత్తులో నేరుగా ఎయిర్‌పోర్ట్ నడినెత్తి మీదకి వచ్చేసి, కాపలా ఉన్న ప్రాంతం దాటకుండా అక్కడే బొంగరంలా చుట్లు తిరుగుతూ కిందికి దిగడం. కార్క్‌స్క్రూ ల్యాండింగ్ అంటారు. ఒక రెక్క నేలకేసి చూస్తుంటుంది, కిటికీలోంచి ఒకసారి ఆకాశం ఒకసారి ఇళ్ళు, కడుపులో తిప్పేస్తుంది. ఇంటికి పోతున్నామని పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లులు ఇలా దిగేవాళ్ళు.

అలాంటి పరిస్థితిలో 2004లో ఇరాకీ ఎయిర్‌వేస్ అమ్మాన్‌కి అంతర్జాతీయ సర్వీస్ మళ్ళీ మొదలుపెట్టింది. 14 ఏళ్ళ తర్వాత. చేతిలో ఉన్నవి పాత విమానాలు, అద్దెవి. 2005 నవంబర్‌లో టెహ్రాన్‌కి వెళ్ళింది, ఇరాన్ ఇరాక్ ఎనిమిదేళ్ళు కొట్టుకుని లక్షల మంది పోయాక, పాతికేళ్ళలో అదే మొదటి ఫ్లైట్. షియా యాత్రికులకి ఇరాక్‌లోని పుణ్యక్షేత్రాలు నజఫ్, కర్బలా అంటే ఎంతో మీకు తెలుసుగా, మన హైదరాబాద్ పాతబస్తీ నుంచి కూడా వెళ్తారు. అలాగే జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి పనికోసం ఇరాక్ వెళ్ళిన మనవాళ్ళు ఎంతోమంది. ఆకాశం తెరుచుకోవడం అంటే ఇలాంటివాళ్ళ దారి తెరుచుకోవడం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, లండన్. 2010 ఏప్రిల్ 25. బాగ్దాద్ నుంచి లండన్‌కి ఇరవై ఏళ్ళలో మొదటి ఫ్లైట్. అంతకుముందే వెళ్ళాల్సింది, ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బూడిద వల్ల వాయిదా పడింది. లండన్ గ్యాట్‌విక్ ఎయిర్‌పోర్ట్‌లో దిగింది, ఇరాక్ రవాణా మంత్రి కూడా అందులోనే ఉన్నారు, అందరూ సంతోషంగా ఉన్నారు. దిగీ దిగగానే కువైట్ ఎయిర్‌వేస్ తరఫు లాయర్లు కోర్టు కాగితాలతో రెడీగా ఉన్నారు! విమానం ఆపేశారు, ఎయిర్‌లైన్ పెద్దాయన పాస్‌పోర్ట్ తీసేసుకున్నారు. మన దగ్గర ఫైనాన్స్ కట్టని బండి కోసం చౌరస్తాలో కాపు కాసి పట్టుకుంటారు చూడండి, అచ్చం అలాగే.

గుర్తుందా ఆ పది విమానాలు? 1991 నుంచే కువైట్ లండన్ కోర్టుల్లో కేసు నడుపుతోంది. ఇరాకీ ఎయిర్‌వేస్ ఏమంది, మేం ప్రభుత్వ సంస్థ, ఒక దేశం చేసిన పనిని ఇంకో దేశం కోర్టు విచారించకూడదు అంది. 1995లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్ద కోర్టు, దీన్ని చాలా జాగ్రత్తగా విడదీసింది, నాకు ఈ తీర్పు భలే నచ్చింది. విమానాల్ని కువైట్ నుంచి ఎత్తుకెళ్ళడం వరకు ప్రభుత్వం పని, దానికి రక్షణ ఉంది. కానీ సద్దాం ప్రభుత్వం చేసిన ఆ తీర్మానం తర్వాత వాటిని మావే అని ఉంచుకుని వాడుకోవడం వ్యాపారం, దానికి రక్షణ లేదు. 2002లో మళ్ళీ అదే కోర్టు, పక్క దేశాన్ని మింగడానికి చేసిన తీర్మానాన్ని మేం చట్టంగా లెక్కచేయం అని తేల్చేసింది. వడ్డీలు, ఖర్చులు కలిపి కువైట్ అడిగింది 120 కోట్ల డాలర్లు.

ఇక్కడ నాకు ఇరు పక్కలా బాధే అనిపిస్తుంది. కువైట్ అడిగింది న్యాయం, వాళ్ళ ఆస్తి దోచారు. కానీ కట్టాల్సింది ఎవరు? సద్దాం కింద నలిగిన జనమే, వాళ్ళ టికెట్ డబ్బుల్లోంచే. 2010 మే నెలలో ఇరాక్ ప్రభుత్వం విసిగిపోయి ఇరాకీ ఎయిర్‌వేస్‌నే మూసేస్తాం అని ప్రకటించింది, కంపెనీ ఉంటే కదా అప్పుకి పట్టుకునేది అని. యూరప్ ఫ్లైట్లు ఆగాయి. కొత్త విమానం కొన్నా ఏ ఎయిర్‌పోర్ట్‌లో ఎవరు పట్టుకుంటారో అన్న భయం. 2008లోనే బోయింగ్‌కి 737లు, 787లు కలిపి 40 విమానాలు ఆర్డర్ ఇచ్చి కూడా ధైర్యంగా ఎగరలేని పరిస్థితి.

చివరికి 2012లో కూర్చుని మాట్లాడుకున్నారు. 50 కోట్ల డాలర్లకి ఒప్పందం, అందులో 30 కోట్లు నగదు, మిగతా 20 కోట్లు రెండు దేశాలూ కలిసి పెట్టే ఎయిర్‌లైన్ వెంచర్‌లో. కేసులు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత 2013 ఫిబ్రవరిలో మన గంటంపావు ఫ్లైట్, మంత్రులతో కలిసి కువైట్‌లో దిగింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్డర్ ఇచ్చిన 737ల్లో మొదటిది చేతికొచ్చింది. మొదటి 787 అయితే 2023 దాకా రాలేదు.

అంతా అయిపోలేదు. 2015 జనవరిలో బాగ్దాద్‌లో దిగుతున్న ఫ్లైదుబాయ్ విమానానికి బుల్లెట్లు తగిలి చాలా ఎయిర్‌లైన్స్ కొన్నాళ్ళు రావడం మానేశాయి. అదే డిసెంబర్‌లో భద్రతా ప్రమాణాలు సరిపోలేదని యూరోపియన్ యూనియన్ ఇరాకీ ఎయిర్‌వేస్‌ని తన ఆకాశంలోకి రానివ్వనంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకుంటుంటే మధ్యలో ఉన్న ఇరాక్ తన గగనతలం మూసేసుకోవాల్సి వచ్చింది.

(స్క్రీన్ మీద: తోజుర్ ఎయిర్‌పోర్ట్ శాటిలైట్ ఫోటో)

వీడియో ఆపేముందు ఇది చూడండి. ఇది ట్యునీషియాలో తోజుర్, సహారా ఎడారి అంచున చిన్న ఊరు. రన్‌వే పక్కన రెండు పెద్ద విమానాలు కనిపిస్తున్నాయా? జూమ్ చేస్తా. అవి 1990లో దాచడానికి పంపిన ఇరాకీ ఎయిర్‌వేస్ జంబోలు, రెండూ 747లే, అందులో ఒకటి ఆ పొట్టి రకం ఎస్‌పీ. ముప్పై ఏళ్ళకి పైగా ఆ ఎండలోనే నిలబడ్డాయి. ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది.