జాన్ డిగిల్ కూతురు ఏమైంది?

(యువ స్క్రీన్‌ప్లే రచయితల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలు చాలామందే ఉన్నారు. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైములో సగం అక్కడే ఖర్చవుతుంది, పైగా ఒకరి పేరు మర్చిపోతే ఆ గొడవ వేరు. అందుకని అందరికీ కలిపి ఒకే దండం. ఇందాక పరిచయంలో నన్ను "సీరియళ్ల సామ్రాజ్ఞి" అన్నారు. అంత లేదండీ. రేపటి షూటింగ్‌కి ఇవాళ రాత్రి సీన్ పేపర్లు పంపే మనిషిని, అంతే.

సూపర్‌హీరో సీరీస్‌లో టైమ్ ట్రావెల్ గురించి మాట్లాడమన్నారు. కాగితం మీద మూడు పాయింట్లు రాసుకొచ్చాను. కాలాన్ని మారిస్తే కథకి ఏం లాభం, ఏం నష్టం, ప్రొడక్షన్ వాళ్లకి దాంతో ఏ పనులు గడుస్తాయి. మూడోది మీకు బాగా పనికొచ్చేది. కానీ అక్కడిదాకా వస్తానన్న నమ్మకం నాకు లేదు. ఎందుకంటే నేను చెప్పబోయే సీరీస్ మీద నాకో పాత కోపం ఉంది.

"ద ఫ్లాష్" చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. పర్లేదు, సగం మంది ఉన్నారు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో సీడబ్ల్యూ ఛానల్‌లో 2014 అక్టోబర్ 7న మొదలై 2023 మేలో అయిపోయింది. 9 సీజన్లు, 184 ఎపిసోడ్లు. హీరో బ్యారీ ఆలెన్, వేసింది గ్రాంట్ గస్టిన్. చిన్నప్పుడు ఒక రాత్రి ఇంట్లోకి మెరుపుల సుడి ఒకటి దూరుతుంది, అందులో ఓ పసుపు బట్టల మనిషి, తల్లి చచ్చిపోతుంది. తండ్రే చంపాడని జైల్లో పెడతారు. పెద్దయ్యాక పిల్లాడికి పిడుగు పడి మెరుపు వేగం వస్తుంది. ఆ పసుపు మనిషి భవిష్యత్తు నుంచి వచ్చిన ఇయోబార్డ్ థాన్ అని తెలుస్తుంది. అంటే మొదటి ఎపిసోడ్‌లోనే కథకి ముడి వేసేశారు: ఎంత వేగంగా పరిగెత్తితే ఆ రాత్రికి వెళ్లొచ్చు? వెళ్తే ఏం చెయ్యాలి?

ఇక లాభం సంగతి. మొదటి సీజన్ పదిహేనో ఎపిసోడ్ చూడండి. సిస్కో అనే కుర్రాడు ల్యాబ్‌లో ఒంటరిగా పనిచేసుకుంటూ గురువుగారు హారిసన్ వెల్స్ పేరుతో తిరుగుతున్నవాడే ఆ పసుపు మనిషి థాన్ అని కనిపెడతాడు. వెల్స్ వస్తాడు. కోపంగా కాదు, ఎంతో ప్రేమగా, నువ్వు నాకు కొడుకులాంటివాడివని చెప్తాడు. చెప్తూనే చెయ్యి అదిరించి కుర్రాడి గుండెలోకి దింపేస్తాడు. అటు ఊరి మీదికి సునామీ వస్తుంటే, దాన్ని ఆపడానికి బ్యారీ తీరం వెంట అటూ ఇటూ పరిగెత్తి పరిగెత్తి ఒక రోజు వెనక్కి పడిపోతాడు. సిస్కో మళ్లీ బతికున్నాడు, జోకులేస్తున్నాడు. చచ్చిపోయిన సంగతి సిస్కోకి తెలీదు, మనకి తెలుసు. తర్వాత ఆ కుర్రాడికి పీడకలలు మొదలవుతాయి, కలలో గుండెలో చెయ్యి. చెరిపేసిన రోజు పూర్తిగా చెరిగిపోలేదు, ఒక మనిషి ఒంట్లో మిగిలిపోయింది. ఇది రచన! సీను కొట్టేసినా దాని బరువు కథలో ఉంచారు.

ఆ సీజన్ ఆఖర్న ఇంకా గొప్పది. బ్యారీ ఆ రాత్రికి వెళ్తాడు. తలుపు చాటు నుంచి చూస్తుంటే, లోపల థాన్‌తో కొట్లాడుతున్న, భవిష్యత్తు నుంచి వచ్చిన పెద్ద బ్యారీ ఇతన్ని చూసి వద్దన్నట్టు చెయ్యి చూపిస్తాడు. అంతే. ఇతను తలుపు దగ్గరే ఆగిపోతాడు. అవతల తల్లిని పొడుస్తున్నారు, ఇవతల కొడుకు నిలబడి ఏడుస్తున్నాడు. అంతా అయ్యాక లోపలికెళ్లి, పోతున్న ప్రాణం దగ్గర కూర్చుని, నేను నీ కొడుకునమ్మా, బాగానే ఉన్నాను అని చెప్పుకుంటాడు. ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్లగలిగినవాడు కదలకుండా నిలబడటమే క్లైమాక్స్. టైమ్ ట్రావెల్ కథకి అంతకన్నా మంచి సీను ఉంటుందని నేననుకోను.

సరే, ఇప్పుడు నా కోపం.

రెండో సీజన్ చివర్న తండ్రిని కూడా చంపేస్తారు. బ్యారీ తట్టుకోలేక మళ్లీ ఆ రాత్రికి వెళ్లి ఈసారి తల్లిని కాపాడేస్తాడు. తలుపు చాటున నిలబడి ఏడ్చిన ఆ పాత బ్యారీ గాల్లో కలిసిపోతాడు. అక్కణ్ణుంచి వచ్చేది "ఫ్లాష్‌పాయింట్", 2016 అక్టోబర్ 4. ఈ పేరు కామిక్స్ నుంచి తెచ్చారు. 2011లో జెఫ్ జాన్స్ రాసిన అయిదు సంచికల కథ. అది అయ్యాక డీసీ కంపెనీ తన పుస్తకాలన్నీ కొత్తగా ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టింది. అంత పెద్ద మార్పుని టీవీలో ఎన్ని ఎపిసోడ్లు చూపించారనుకుంటున్నారు? ఒక్కటి. అమ్మానాన్నలతో మూడు నెలలు గడిపాడంటారు, మనకి చూపించింది నలభై రెండు నిమిషాలు. చివరికి బోనులో పెట్టిన థాన్ దగ్గరికే వెళ్లి, వచ్చి మా అమ్మని చంపు అని అడగాల్సి వస్తుంది. ఆ మాట కూడా గొప్పదే, కాదనను.

వెనక్కి వచ్చాక చూస్తే కొన్ని తేడాలు. బ్యారీ ప్రేమించే ఐరిస్‌కి వాళ్ల నాన్నతో మాటల్లేవు. సిస్కో అన్న డాంటే యాక్సిడెంట్‌లో పోయాడు. ఆఫీసులో బ్యారీ పక్క టేబుల్‌కి కొత్తగా జూలియన్ అనే మనిషి వచ్చాడు. ఇంకో సీరీస్ ఉంది, "యారో" అని, ఫ్లాష్ పుట్టింది అందులోంచే. అందులో జాన్ డిగిల్ అని మాజీ సైనికుడు. అతని కూతురు సారా.

ఈ పిల్ల సంగతి కొంచెం చెప్పనివ్వండి. 2014లో "యారో" మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో పుట్టింది. అదే ఎపిసోడ్‌లో సారా లాన్స్ అనే అమ్మాయిని చంపేశారు, ఆమె పేరే ఈ పిల్లకి పెట్టారు. రెండు సీజన్లు ఆ పిల్లని ఎత్తుకున్న డిగిల్‌ని చూశాం. బ్యారీ తన తల్లి కోసం కాలాన్ని కెలికి వచ్చేసరికి సారా లేదు. ఆ స్థానంలో కొడుకు, జాన్ జూనియర్. చచ్చిపోలేదు, కిడ్నాప్ కాలేదు, అసలు పుట్టనే లేదు. బ్యారీకి ఆ సంగతి తెలిసేది కూడా "యారో"లో ఉండే ఫెలిసిటీ అనే స్నేహితురాలితో కబుర్లలో, పక్కింటి పిల్లల గురించి మాట్లాడుకున్నంత తేలిగ్గా. ఆ ఏడాది చివర్లో హీరోలందరూ కలిసే ఎపిసోడ్లు వస్తే, అప్పుడు డిగిల్‌కి చెప్తాడు, నీకు కూతురుండేది అని. మొహంలో ఓ షాట్, రెండు డైలాగులు. తర్వాత ఏలియన్లొచ్చారు, యుద్ధం. అయిపోయింది.

కన్నతండ్రికి కూతురుండేదని చెప్పి, గుర్తు కూడా లేకుండా చేసి, ఏలియన్ల మీదికి పంపించారండీ! మీరు చెప్పండి, ఏ తండ్రి అయినా ఆ రాత్రి ఇంటికెళ్లి కొడుకు మొహం ఎలా చూస్తాడు? వీడు వద్దు అనుకోలేడు. అది లేదే అని ఏడవాలన్నా దాని మొహం కూడా తెలీదు. ఒక ఎపిసోడ్ మొత్తం రాయాల్సిన తండ్రి అతను. ఇరవై మూడు ఎపిసోడ్ల సీజన్‌లో ఒక్కటి దొరకలేదా?

నాకెందుకింత కడుపుమంట అంటే, నాకూ జరిగింది. ఒక సీరియల్‌లో హీరోయిన్ చెల్లెలి కూతురు ఉండేది, ఆరేళ్ల పిల్ల. ట్రాక్ మారింది, టీఆర్పీ మీటింగ్‌లో ఆ పిల్లని తీసెయ్యమన్నారు. కనీసం హాస్టల్లో వేసినట్టు ఒక సీను రాస్తాను, వెళ్లేముందు పెద్దమ్మ జడ వేస్తున్నట్టు పెడతాను అని బతిమాలాను. ఛానల్ వాళ్లు అక్కర్లేదన్నారు, ప్రేక్షకులకి అంత గుర్తుండదు మేడమ్ అన్నారు. వారం తిరక్కుండా మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు దగ్గర ఒక మామ్మగారు నన్ను ఆపి, "ఏమ్మా, ఆ పిల్లకి అన్నం ఎవరు పెడుతున్నారు?" అని అడిగారు. ఛానల్ పేరు అడక్కండి, చెప్పను. ఇంకా వాళ్లకే రాస్తున్నాను.

నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నాను. మీరు రేపు రాయబోయే కథల్లో మార్చిన కాలం ఉంటుంది, ఇప్పుడు అందరూ అదే రాస్తున్నారు. మనవాళ్లు 1991లోనే సింగీతం గారి చేతిలో "ఆదిత్య 369" తీశారు, మనకి కొత్తేం కాదు. ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి రైవతుడి కథ చెప్తారు, కూతుర్ని తీసుకుని బ్రహ్మలోకం వెళ్లొచ్చేసరికి యుగాలు గడిచిపోయాయి అని. నిజమే, కానీ అక్కడ కాలం ముందుకే పోయింది. జరిగినదాన్ని ఎవరూ తిరగరాయలేదు. మన పురాణాల్లో ఇచ్చిన శాపాన్ని వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలిక కాదు. ఎప్పుడు తీరుతుందో చెప్తారు, ఎలా తీరుతుందో చెప్తారు. యయాతి కథ తీసుకోండి, నన్నయ ఆదిపర్వంలో ఉంది. శుక్రుడి శాపంతో ఉన్నపళంగా ముసలితనం వచ్చిపడింది. కాళ్లావేళ్లా పడితే, ఎవరైనా ఒప్పుకుంటే వాళ్లకి ఇచ్చుకో అన్నాడు. యయాతి ఒక్కో కొడుకునీ అడిగాడు. యదువు కాదన్నాడు, మిగతావాళ్లూ కాదన్నారు. పూరుడు సరేనన్నాడు, తన యవ్వనం ఇచ్చి ముసలితనం పుచ్చుకున్నాడు.

చూశారా, ఎవరో ఒకరు మొయ్యాలి, ఆ మోసేవాణ్ణి ముందు అడగాలి. పూరుణ్ణి అడిగారు. డిగిల్‌ని అడగలేదు, డాంటేని అడగలేదు. బ్యారీ తన దుఃఖం తీర్చుకోవడానికి ఊరందరి దగ్గరా అప్పు చేశాడు, వాళ్లకి చెప్పకుండా. ఈ సంగతి రచయితలకి తెలీదని అనను. ఆ మూడో సీజన్ రెండో ఎపిసోడ్‌లోనే జే గారిక్ అనే పెద్దాయన బ్యారీని కూర్చోబెట్టి, పగిలిన కాఫీ కప్పు అతికించినా పాత కప్పు అవదని చూపిస్తాడు. సిస్కో విషయంలో బాగానే రాశారు కూడా. అన్నని వెనక్కి తెచ్చిపెట్టమని సిస్కో అడుగుతాడు, కాలంతో ఆటలాడకూడదని బ్యారీ నీతులు చెప్తాడు. తర్వాత ఆ అన్న అంతకుముందు బతికే ఉండేవాడని సిస్కోకి తెలుస్తుంది. స్నేహితులిద్దరి మధ్య ఆ పగ చాలా ఎపిసోడ్లకి తిండి పెట్టింది. అంటే చెయ్యగలరు. సిస్కో వాళ్ల సీరీస్ మనిషి కాబట్టి చేశారు. డిగిల్ పక్క సీరీస్ మనిషి.

చీటీ వచ్చింది, పది నిమిషాలట. మూడో పాయింట్ గబగబా చెప్పేస్తాను.

మనకి ఆర్టిస్టు మానేస్తే "ఇకపై ఈ పాత్రలో" అని కింద అక్షరాలు వేస్తాం. వాళ్లు ఇంకో విశ్వం నుంచి మనిషిని తెస్తారు. టామ్ కవానా అనే నటుడు మొదటి సీజన్‌లో విలన్, వెల్స్ రూపంలో ఉన్న ఆ థాన్. ఆ విలన్ పుట్టకుండా పోవాలని వాడి ముత్తాతల్లో ఒకడైన ఎడ్డీ తనని తనే కాల్చుకుంటాడు. మరి నటుడు మంచివాడు, వదులుకోలేరు. రెండో సీజన్‌లో వేరే భూమి నుంచి ఇంకో వెల్స్, మూడులో ఇంకొకడు, అయిదులో డిటెక్టివ్ వెల్స్, ఆరులో మరొకడు. ఆ చెరిగిపోయిన విలనూ మధ్యమధ్యలో వస్తూనే ఉంటాడు. పాపం ఎడ్డీ దేనికి చచ్చిపోయాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకోటి. మొదటి ఎపిసోడ్ చివర ఒక రహస్య గదిలో భవిష్యత్తు పేపరు చూపిస్తారు. 2024 ఏప్రిల్ 25, ఉపద్రవంలో ఫ్లాష్ అదృశ్యం అని హెడ్డింగ్. 2014లో పదేళ్ల దూరం, ఎవరికి పట్టింది. కానీ "యారో" 2020 జనవరిలో ముగించాలని నిర్ణయమైంది. ఆ పెద్ద ఉపద్రవం అన్ని సీరీస్‌ల హీరోలూ కలిసే కథ, కాబట్టి అంతలోపే రావాలి. ఏం చేశారు? అయిదో సీజన్ చివర్న అదే పేపరు మీద సంవత్సరం కళ్లముందే 2019కి మారిపోతుంది. కాలం మారిందని కథలో సమాధానం. ఎపిసోడ్ బ్యాంక్, అంటే చేతిలో తయారుగా ఉన్న ఎపిసోడ్లు, చూసుకుని షెడ్యూల్ ముందుకు జరపడం మనం రోజూ చేసేదే, వాళ్లు దాన్ని కథలోనే కలిపేశారు. ఈ తెలివికి మాత్రం నేను దండం పెడతాను.

ఆ ఉపద్రవంలో 1990 నాటి పాత ఫ్లాష్ సీరీస్ హీరో జాన్ వెస్లీ షిప్‌ని తెచ్చి, బ్యారీ బదులు అతను చచ్చిపోయేలా రాశారు. ఆ సీనులో పాత సీరీస్ క్లిప్పు వేస్తారు. ఆ క్షణం ఏడ్చాను. అతన్ని ఎవరూ బలవంతం చెయ్యలేదు, నేను వెళ్తానని తనే ముందుకొచ్చాడు. పూరుడు.

ఉపద్రవం అయ్యాక "యారో" హీరో ఆలివర్ క్వీన్ ప్రాణమిచ్చి విశ్వాన్ని కొత్తగా కడతాడు. అందులో సారా డిగిల్ తిరిగొచ్చింది. అవును, వచ్చింది. తమ్ముడూ ఉన్నాడు, అక్కా ఉంది. మూడేళ్ల పైచిలుకు తర్వాత రాసేవాళ్లకి ఆ పిల్ల గుర్తుందని తెలిసి నా కోపం సగం దిగింది. మిగతా సగం ఎందుకు దిగలేదంటే, అప్పుడు కూడా ఆ పిల్ల కోసమని ఎవరూ ఏమీ చెయ్యలేదు. విశ్వం మొత్తం కడుతుంటే కొసరుగా వచ్చింది.

ఇక ప్రశ్నలడగండి. మల్టీవర్స్ ఫిజిక్స్ మాత్రం నన్ను అడక్కండి, అది ఇంజినీరింగ్ చదివి ఇటొచ్చిన మీ వెనక బెంచీ వాళ్లకి వదిలేస్తున్నాను.