ఫోన్-ఇన్: కొట్టాయన ఐపీ పెడితే రిసీవరును లెక్క అడిగేదెలా?

యాంకర్: లాయర్ గారు గుంటూరు స్టూడియోలో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్ (ప్రత్తిపాడు): నమస్కారమండీ. మిర్చి రైతులం. మా సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్టాయన అప్పులు కట్టలేనని కోర్టులో ఐపీ పెట్టాడు, దివాలా అన్నమాట. పోయినేడు కాయంతా ఆయనకే వేశాం. మా బామ్మర్ది వద్దన్నాడు, తేజా రకం ఆపుదాం, రేటు పెరుగుద్దని...

లాయర్: రేటు సంగతి వదిలెయ్యండి పెద్దాయనా. కొట్టాయన రాసిచ్చిన అమ్మకం చీటీలు, అదే తక్‌పట్టీలున్నాయా?

కాలర్: ఉన్నయ్. కోల్డ్ స్టోరేజీలో కొట్టాయన సరుకు రిసీవరు అమ్మాడంట. ఎంతకంటే చెప్పడు. మా డబ్బులెప్పుడొస్తయ్యండి?

లాయర్: ఆ సరుకు రిసీవరు సొంతం కాదు. బాకీ రావాల్సిన మీ అందరి కోసం కోర్టు పెట్టిన మనిషాయన. అమ్మిన ప్రతి టిక్కీకీ, అంటే మిర్చి బస్తాకీ, వసూలైన అద్దెకీ, పెట్టిన ఖర్చుకీ లెక్క రాసి, కోర్టు చెప్పిన గడువుకి దాఖలు చెయ్యాలి. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం, 56వ సెక్షన్. లెక్క ఇవ్వకపోతే, చేతిలో ఉన్న సొమ్ము కట్టకపోతే, ఆయన సొంత ఆస్తే జప్తు చేయించొచ్చు కోర్టు. నోటితో అడక్కండి, కాగితం మీద అడగండి.

కాలర్: ఆయన ఆఫీసుకెళ్లి అడిగామండి...

లాయర్: ఆఫీసులో కాదయ్యా, కోర్టులో! పిటిషన్ వెయ్యాలి. అసలు మీ బాకీ రుజువు వేశారా?

కాలర్: ఐపీ కాగితంలో మా పేరుందండి. లక్షా ఎనభై అని రాశాడు. మాకు మూడు లక్షల పైన రావాలి.

లాయర్: అదీ సంగతి! అది ఆయన రాసుకున్న అంకె. తక్‌పట్టీలు జతచేసి అఫిడవిట్ వేయండి. కోర్టు బాకీల జాబితా, అంటే షెడ్యూల్లో సరైన అంకె ఎక్కితేనే సరైన వాటా. ముందు ఆ పని చూడండి.

కాలర్: అయితే డబ్బులెప్పుడొస్తయ్యండి?

లాయర్: తారీఖు నేను చెప్పలేను నాయనా. రూపాయికి రూపాయి వస్తుందని మాత్రం అనుకోవద్దు. ఖర్చులు, ప్రభుత్వ బకాయిలు పోగా మిగిలిందే మీకు దామాషాలో పంచుతారు. రిసీవరు చేసింది అన్యాయమనిపిస్తే 21 రోజుల్లో కోర్టుకెళ్లండి. కాగితం మీదే.

యాంకర్: థాంక్యూ అండి. తెనాలి నుంచి.

కాలర్: సార్, మా బాకీదారు ఐపీకి ఏడాది ముందు ఇల్లు భార్య పేర రాశాడు.

లాయర్: రెండేళ్లలోపుదేగా? నిజంగా డబ్బిచ్చి కొన్నట్టు తేలకపోతే రద్దు చేయించొచ్చు. రిసీవరు కదలకపోతే, బాకీ రుజువు చేసుకున్న మీరే కోర్టు అనుమతితో పిటిషన్ వేయొచ్చు.

కాలర్: కారు కూడా వాళ్ల తమ్ముడి...

యాంకర్: సారీ అండి, టైమ్ తక్కువ. మంగళగిరి, చెప్పండి.

కాలర్: రిసీవరు లెక్క చూడమన్నాడండి, జిరాక్స్ మాత్రం ఇవ్వనంటున్నాడు.

లాయర్: కోర్టులో దాఖలైందా? అక్కడే కాపీ అప్లికేషన్ వేసుకోండి. ఇందాకట్నుంచి చెప్తున్నానుగా, కాగితం...

యాంకర్: థాంక్యూ సార్. చిన్న బ్రేక్.