పానగల్లు గుడి నీడకు ఏ రంగు?

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈసారి నాతో ఉన్నది మా పెద్దమ్మ బిడ్డ, మహబూబ్‌నగర్‌లో టీచర్. ఈమధ్య మా నల్గొండకు వచ్చి రెండు రోజుల వాటర్ కలర్ వర్క్‌షాప్‌లో కూర్చుంది. రెండో రోజు సాయంత్రం, పానగల్లు గుడిలో నీడను వేసి ఇంటికి తెచ్చిన పెయింటింగ్ చూసి, దీని గురించి మాట్లాడాల్సిందేనని నేనే పట్టుబట్టాను. అక్కా, నీకు బొమ్మలు వెయ్యడం ముందు నుంచే అలవాటా?

అక్క: లేదు తమ్ముడూ. వాకిట్లో ముగ్గు, గోడకు జాజు, బడిలో చార్టులు, అంతే. కానీ మన అందరి ఇళ్లలో రంగు బిళ్ళల డబ్బా ఉండేది కదా, 12 బిళ్ళలు, ఒక సన్న బ్రష్? అవీ వాటర్ కలర్సే. నీళ్లు ఎలా వాడాలో మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. తడి బ్రష్‌తో బిళ్ళను రుద్ది, పేపర్ నూగు లేచేదాకా పులిమేవాళ్లం.

తమ్ముడు: మరి అక్కడ మొదట ఏం నేర్పించారు?

అక్క: మొదటి రోజు పొద్దంతా ఆకాశమే. ఒక్క నీలం రంగు. బోర్డు పైఅంచు కింద ఒక పుస్తకం పెట్టి కొంచెం వాలుగా పెట్టుకోమన్నారు. ప్లేటులో రంగు ముందే ఎక్కువగా కలుపుకోవాలి, మధ్యలో అయిపోతే మళ్లీ అదే ఛాయ రాదు. బ్రష్ నిండా ముంచి పైన ఎడమ నుంచి కుడికి ఒక గీత లాగాలి. ఆ గీత కింది అంచు వెంబడి నీళ్లు పూసలా నిలబడతాయి. వాన వెలిశాక దండెం తీగ కింద చినుకులు వేలాడతాయి చూడు, అచ్చం అట్లా. రెండో గీత ఆ పూసను తాకుతూ వెయ్యాలి. పూస ఆ గీతలో కలిసి కిందికి దిగుతుంది. అట్లా ఒక్కో గీతకు ఒక్కో మెట్టు దిగుతూ అడుగు దాకా వస్తుంది. చివర్లో బ్రష్ పిండి, మిగిలిన నీటిని దానితో పీల్చెయ్యాలి.

తమ్ముడు: పీల్చకపోతే?

అక్క: పేపర్ పైభాగం ఆరిపోయి కింది అంచున మాత్రం తడి ఉంటుంది కదా, ఆ నీళ్లు ఆరిన వైపు పాకుతాయి. పోతూ పోతూ రంగును అంచుకు నెట్టేస్తాయి. గోబీపువ్వు అంచులాంటి మచ్చ పడుతుంది. నాకు మొదటి నాలుగు ఆకాశాల్లోనూ పడింది. సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ పెట్టినా అంతే. సరిచేద్దామని చెయ్యి ఆగదు, ముట్టుకున్న ప్రతిసారీ ఇంకా పాడవుతుంది. అయిదో దానికి బ్రష్ కింద పెట్టి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. అది బాగా వచ్చింది.

తమ్ముడు: పేపర్ గురించి ఏదో అన్నావు ఇంటి దగ్గర.

అక్క: అవును, ఇది కొత్తవాళ్లు తప్పకుండా వినాలి. నేను ఒక షాపులో అడిగితే, ఏదైనా నడుస్తుందని మామూలు డ్రాయింగ్ షీట్లు ఇచ్చారు. తడి తగలగానే అప్పడంలా లేచింది. గుంతలున్న చోటల్లా రంగు చేరింది. అప్పుడు వర్క్‌షాప్‌లో నేర్పే సార్ తన దగ్గరున్న కాటన్ పేపర్ ఇచ్చారు, 300 జీఎస్‌ఎం. అంటే ఒక చదరపు మీటరు కాగితం 300 గ్రాములు తూగుతుంది. అది నీళ్లు తాగి కూడా నిలబడుతుంది. డబ్బులు తక్కువుంటే రంగులు రెండు తగ్గించుకోండి, పేపర్ మాత్రం మంచిది కొనండి. నా మాట ఇదే.

ఇంకో ముచ్చట. ఈ రంగుల్లో పొడిని పట్టి ఉంచేది గమ్ అరబిక్, తుమ్మ జాతి చెట్టు బంక. మనం చిన్నప్పుడు తుమ్మ బంక గిల్లుకొచ్చి పుస్తకాల అట్టలు అంటించేవాళ్లం కదా! అది వినగానే ఆ రంగులు మనవే అనిపించాయి.

తమ్ముడు: రెండో రోజు మా నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు. నేనే బండి మీద దింపాను, పొద్దున ఏడుకు.

అక్క: ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోళుల కాలం నాటిది, 11, 12 శతాబ్దాల గుడి. మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకే మండపం. అందులో ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. ఎండ నేరుగా లోపలికి రాదు. బయట పరుచుకున్న వెలుతురు లోపలికి వస్తుంటే మండపం స్తంభాలు అడ్డం పడతాయి. అందుకే సూర్యుడు జరిగినా నీడ జరగదు. కట్టినవాళ్లు వెలుతురును ఎంత గమనించి ఉంటారో!

సార్ మమ్మల్ని రంగులు తియ్యనివ్వలేదు. ముందు లోపలికి పోయి ఆ నీడ చూసి రమ్మన్నారు. బయటికి వచ్చాక, నీడ ఏ రంగు అని అడిగారు. అందరం నలుపు అన్నాం. మళ్లీ పోయి చూసి రమ్మన్నారు.

తమ్ముడు: మళ్లీ పోయారా?

అక్క: పోయాం. ఈసారి నేను చాలాసేపు నిలబడ్డా. మధ్యలో చిక్కగా ఉంది, అంచులు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు, పొగలా కలిసిపోయాయి. నేల దగ్గరికి వచ్చేసరికి కొంచెం గోధుమ రంగు, పైన నీలం ఛాయ. నలుపు ఎక్కడా లేదు. నాకు ఒళ్లు జలదరించింది. ఎన్నిసార్లు దర్శనానికి వచ్చానో, ఒక్కసారీ ఇట్లా చూడలేదు.

తమ్ముడు: మరి పేపర్ మీద అది ఎలా తెచ్చావు?

అక్క: అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియన్నా అనే ఎర్ర గోధుమ రంగు కలిపితే బూడిద రంగు వస్తుంది. సియన్నా ఎక్కువైతే మన జాజు గోడ పాతబడ్డట్టు, నీలం ఎక్కువైతే వానాకాలం బండలా. అల్ట్రామెరైన్ పొడి బరక, గరుకు పేపర్ గుంతల్లో దిగి రేణువులు రేణువులుగా కనిపిస్తుంది. రాయి గరుకుదనం దానంతట అదే వచ్చేసింది. నీడ కోసం ముందు ఆ చోటంతా నీళ్లతో తడిపి, మధ్యలో చిక్కటి రంగు వదిలాను. అంచులను నీళ్లే కలిపాయి.

తొమ్మిది దాటాక ఎండ ముదిరింది. గీత వేసి తల తిప్పేలోపు ఆరిపోతోంది. స్ప్రే బాటిల్‌తో తడుపుకుంటూ తంటాలు పడ్డాం. గడప మీద ఒక వెలుగు పట్టీ పడుతుంది, అక్కడ మాత్రం ఏమీ వెయ్యలేదు. ఈ పద్ధతిలో తెలుపు పెయింట్ వాడరు, తెల్లగా ఉండాల్సిన చోటు మొదటే అనుకుని కాగితాన్ని వదిలెయ్యాలి.

తమ్ముడు: అమ్మ దాన్ని చూసి, ఇక్కడ రంగు వెయ్యడం మర్చిపోయావేంటే అంది.

అక్క: ఆమే కాసేపయ్యాక దూరం నుంచి చూసి, తలుపు తెరిచినట్టుంది అన్నది కూడా. అది చెప్పవేం?

తమ్ముడు: చెప్పావుగా నువ్వే! తర్వాత ఏంటి మరి?

అక్క: పిల్లలమర్రి. మా ఊరి చెట్టు, 700 ఏళ్లదని చెబుతారు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డది, చెదలు పట్టిందని తర్వాతి ఏడాది సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, గుర్తుందా? మా బడి పిల్లలు ఆ ఫొటో చూసి ఏడ్చినంత పని చేశారు. దాని ఊడల సందుల్లో నుంచి వచ్చే వెలుతురు వెయ్యాలని ఉంది. ఆకుపచ్చ వేసేముందే ఆ సందులన్నీ ఎక్కడెక్కడ వదలాలో తేల్చుకోవాలి, అదే పెద్ద పని. పోయిన ఆదివారం పోయి పెన్సిల్‌తో సందులు మాత్రమే గీసుకొచ్చా. ఇంకో రెండు ఆదివారాలు గీతలకే పోతాయి. పేపర్ మాత్రం బోర్డుకు టేపుతో అంటించి పెట్టాను.