కొప్పు మీద నడిచిన దేవుడు

అందరికీ నమస్కారం. ఇక్కడ పెంకుటింట్లో పెరిగినవాళ్ళు ఎంతమంది? చేతులు చాలానే లేచాయి. అయితే నా పని సులువు. పెంకు జరిగితే ముందు పాడయ్యేది వాసమేనని మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండున్నర వేల ఏళ్ళ కిందట ఇటలీలో రోమ్‌కు ఉత్తరాన ఉన్న ఎట్రుస్కన్లనే జనానిదీ ఇదే బాధ. వాళ్ళ గుళ్ళకు పునాది రాయి, గోడలు ఎక్కువగా పచ్చి ఇటుక, కప్పంతా కర్ర. వాన తగిలే ప్రతి దూలానికీ కాల్చిన మట్టి పలక తొడిగారు. చూరు చివర పెంకుల నోళ్ళు మూయడానికి నాలుక చాపిన గోర్గాన్ తలలు పెట్టారు, అంటే గ్రీకు కథల్లోని పాముల జుట్టు రాక్షసి తలలు. కొప్పు మీద, అంటే రెండు వాలులు కలిసే కప్పు నడినెత్తిన, ఏకంగా దేవుళ్ళనే నిలబెట్టారు. అంటే ఈ శిల్పమంతా పెంకు పనిలోంచి పుట్టిందే. మ్యూజియంలో గాజు వెనక చూస్తే ఆ సంగతి తట్టదు.

రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్న అపోలో దేవుడి బొమ్మనే తీసుకోండి. 1916లో వెయీ అనే ఎట్రుస్కన్ నగరం దగ్గర పోర్టొనాచ్చో గుడి తవ్వకాల్లో దొరికాడు. క్రీ.పూ. 510 - 500 నాటివాడు, దాదాపు మనిషెత్తు. చేతులు పోయాయి. ఒంటికి ఎర్రమట్టి రంగు, భుజాల మీద జడపాయలు, పెదవులపై ఓ వింత నవ్వు. బంగారు కొమ్ముల లేడి కోసం ఎదురుగా ఉన్న పురాణవీరుడు హెర్క్యులిస్ మీదికి వెళుతున్నాడు. లేడేమో కాళ్ళు కట్టేసి హెర్క్యులిస్ పాదాల దగ్గర పడి ఉంది. ఇదంతా నేల నుంచి సుమారు 12 మీటర్ల ఎత్తున, కొప్పు వెంబడి! కింద నిలబడి తలెత్తి చూసేవాడికి ఆనాలి కాబట్టే బట్ట మడతలు అంత లోతుగా గీశారు. అపోలో కాళ్ళ మధ్య చుట్టలు తిరిగిన ఒక దిమ్మె ఉంది. చూడ్డానికి అలంకారమే కానీ, అసలు బరువు మోసేది అదే. నాకైతే ముఖం కన్నా ఆ దిమ్మే ఇష్టం.

ఇంత బొమ్మను కాల్చడమే అసలు టెన్షన్. లోపల డొల్లగా ఉంచాలి, గాలి పోవడానికి రంధ్రాలు వదలాలి, లేకపోతే ఆవంలోనే పగులుతుంది. రోమన్లు చెప్పుకున్న కథ ఒకటుంది. కాపిటోలిన్ కొండ మీది జూపిటర్ గుడి కప్పుకు నాలుగు గుర్రాల రథం చేసిపెట్టమని వెయీ పనివాళ్ళకు పురమాయించారట. మట్టి ఆవంలో కుంచించుకుపోవాలి కదా, ఇది ఉబ్బిందట! చివరికి ఆవం గోడలు పగలగొట్టి బయటికి తీశారు. జోస్యులు దాన్ని శుభశకునం అనడంతో వెయీవాళ్ళు రథం ఇవ్వమని మొండికేశారు. కుమ్మరి ఎవరైనా ఈ కథ వింటే ముందు నవ్వుతాడు, తర్వాత రథం ఎవరిదని అడుగుతాడు.

ఆవం సంగతి తెలియనివాళ్ళు ఎలా దొరికిపోతారో చూడండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1915 - 1921 మధ్య మూడు భారీ ఎట్రుస్కన్ యోధుల బొమ్మలు కొంది. అవి నకిలీవి. వాటికి గాలి రంధ్రాల్లేవు. నల్లరంగులో ఆ కాలంవాళ్ళు వాడని మాంగనీస్ తేలింది. చేసినవాళ్ళు నిలువెత్తు బొమ్మను ఒక్కసారిగా కాల్చలేక, ముక్కలు చేసి కాల్చి అతికించారు. 1961లో వాళ్ళలో ఒకడైన ఆల్ఫ్రెడో ఫియొరవాంతి తప్పు ఒప్పుకున్నాడు. ఒక యోధుడి చేతికి బొటనవేలు లేదు. అది ఇన్నేళ్ళూ ఇతని దగ్గరే ఉంది. తెచ్చి పెడితే సరిగ్గా అతికింది.